ఇంగ్లీష్ మాటల పుట్టుక కథలు: ఏవి నిజం, ఏవి కల్పన?

పలక_బలపం
అందరికీ నమస్కారం. నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లీష్ చెప్తాను. ప్రతి సోమవారం పాఠం మొదలుపెట్టే ముందు ఒక మాట బోర్డు మీద రాసి, అది ఎలా పుట్టిందో చెప్పడం నాకు అలవాటు. పిల్లలకి ఆ ఐదు నిమిషాలంటే ప్రాణం.

మొన్న సోమవారం న్యూస్ అని రాశాను. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్, ఈ నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిసి న్యూస్ అయిందని చెప్పాను. నా చిన్నప్పుడు నాకూ అలాగే చెప్పారు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "టీచర్, న్యూ అంటే కొత్త కదా. దానికి ఎస్ కలిపితే న్యూస్ వచ్చేస్తుంది. మధ్యలో దిక్కులు ఎందుకు?" అని అడిగింది. కనుక్కుని చెప్తానమ్మా అన్నాను.

ఇంటికొచ్చి నా నోట్సు ముందేసుకున్నాను. రోమన్ సైనికులకి జీతం బదులు ఉప్పు ఇచ్చేవారు కాబట్టి శాలరీ వచ్చిందని ఉంది. టిప్, పోష్, గోల్ఫ్, ఓకే, గుడ్‌బై, విండో... ఒక్కోదానికీ ఒక్కో కథ. వీటిలో ఏవి పిల్లలకి ధైర్యంగా చెప్పొచ్చు? వచ్చే సోమవారం లోపు తేల్చుకోవాలి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

పాత_నిఘంటువు
మీ క్లాసులో ఆ అమ్మాయి చెప్పిందే సరైనది మేడమ్. ఆమెకి నా తరఫున శభాష్ చెప్పండి.

న్యూస్ అంటే కొత్త సంగతులు. న్యూ అనే విశేషణాన్ని బహువచనం చేశారు, అంతే. ఫ్రెంచ్ వాళ్ళు కూడా కొత్త అనే మాటనే బహువచనం చేసి నువెల్ అంటారు. పాత రాతల్లో న్యూస్ స్పెల్లింగ్ రకరకాలుగా ఉండేది, ఎస్ ముందు ఇంకో ఈ చేర్చి కూడా రాసేవాళ్ళు. దిక్కుల నుంచి పుట్టిన మాటే అయితే ఆ అదనపు అక్షరం ఏ దిక్కుది?

ఇలాంటి కథలకి నేను వాడే పరీక్ష ఒకటుంది. మొదటి అక్షరాలు కలిపి మాట తయారుచేయడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు. రాడార్ అలా పుట్టింది, 1940 ప్రాంతంలో. లేజర్ అలా పుట్టింది, 1960 ప్రాంతంలో. మూడు నాలుగు వందల ఏళ్ళ నాటి మాటకి ఎవరైనా ఇలాంటి కథ చెప్తే వెంటనే నమ్మకండి.

టిప్ కథ అదే బాపతు. సేవ త్వరగా అందడానికి ముందే ఇచ్చే డబ్బు అనే అర్థంలో టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే టిప్ అయిందంటారు. కానీ 1600ల మొదట్లోనే దొంగల గూఢభాషలో టిప్ అంటే ఇవ్వడం, అందించడం. గోల్ఫ్ సంగతి ఇంకా తేలిక. జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్, అంటే మగవాళ్ళకి మాత్రమే, ఆడవాళ్ళకి ప్రవేశం లేదు అనే వాక్యం నుంచి వచ్చిందని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. స్కాట్లండ్ పార్లమెంటు 1457లోనే గోల్ఫ్ ఆడకూడదని చట్టం చేసింది. జనం విలువిద్య సాధన మానేసి ఆటలో పడుతున్నారని వాళ్ళ బాధ. ఆ చట్టంలోనే ఈ మాట ఉంది.

దర్జా అనే అర్థం ఉన్న పోష్ గురించి ఓడ టికెట్ల కథ చెప్తారు, పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్, అంటే వెళ్ళేటప్పుడు ఎడమవైపు గది, వచ్చేటప్పుడు కుడివైపు గది అని. ఆ నాలుగు అక్షరాలు వేసిన టికెట్ ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

ముక్కుసూటి
మరి శాలరీ? అది అబద్ధం అంటే నేను ఒప్పుకోను. లాటిన్‌లో ఉప్పుని సాల్ అంటారు, శాలరీలో ఆ మాట కళ్ళకి కనిపిస్తూనే ఉంది.

పాత_నిఘంటువు
మీరు చెప్పింది నిజమే, ఉప్పు ఆ మాటలో ఉంది. లాటిన్‌లో సలారియం అంటే జీతం, భత్యం. అది సాల్ నుంచి పుట్టిన మాటే. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా ఈ రెండిటికీ సంబంధం ఉందని రాశాడు.

కానీ సైనికుడి చేతిలో జీతంగా ఉప్పు మూట పెట్టారని చెప్పే ప్రాచీన రాత ఒక్కటీ లేదు. వాళ్ళకి నాణేలే ఇచ్చేవాళ్ళు. ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన డబ్బు అనే వివరణ కూడా తర్వాతి పండితుల ఊహే. కాబట్టి పిల్లలకి "శాలరీ అనే మాటలో ఉప్పు ఉంది" అని చెప్పండి. "సైనికులకి ఉప్పు ఇచ్చారు" అనే దగ్గర ఆగిపోండి. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని పిల్లలు చూడగలిగితే సగం పని అయిపోయినట్టే.

వాన_చినుకు
నిజమైన కథలు కూడా చెప్పండి మరి, అన్నీ కొట్టిపారేస్తే పిల్లల మొహాలు చిన్నబోతాయి.

గుడ్‌బై కథ నిజం. గాడ్ బీ విత్ యు, దేవుడు నీకు తోడుండుగాక అనే దీవెన నలిగి నలిగి ఒక్క మాట అయింది. 16వ శతాబ్దపు ఉత్తరాల్లో అది ఇంకా సగం నలిగిన రూపంలో కనిపిస్తుంది. గుడ్ డే, గుడ్ నైట్ పక్కన ఉండీ ఉండీ గాడ్ కాస్తా గుడ్ అయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది విండో. వైకింగ్‌లు మాట్లాడిన పాత నోర్స్‌లో విండౌగ. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలికన్ను! ఇప్పుడు మన గవాక్షం విడదీసి చూడండి. గవ, అక్షం. ఆవు కన్ను. ఒకరితో ఒకరికి పరిచయం లేని వాళ్ళు గోడలో ఉన్న కంతని చూసి ఇది ఇంటికి కన్ను అనుకున్నారు.

భాషా_బాటసారి
వాన_చినుకు గారూ, ఇంకొకటి కలపనా? వైకింగ్‌ల మాట రాకముందు ఇంగ్లీష్‌కి కిటికీకి సొంత మాట ఉండేది. అది కూడా కంటి మాటే, కంటి కంత అని అర్థం. అందులో కంత అనే ముక్క థిర్ల్. కిటికీ నుంచి ఆ మాట పోయింది కానీ ముక్కులో ఉండిపోయింది. నాస్ట్రిల్ చివర ఉన్న ట్రిల్ అదే. ముక్కు కంత.

మూలాన్వేషి
ఇంత చర్చ అనవసరం అండి. అన్నిటికీ మూలం సంస్కృతమే. మాతృ నుంచి మదర్, పితృ నుంచి ఫాదర్, భ్రాతృ నుంచి బ్రదర్, త్రి నుంచి త్రీ, దంతం నుంచి డెంటల్. ఎవరికైనా కనిపిస్తుంది. మన దగ్గర్నుంచి వెళ్ళిన మాటలని ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

భాషా_బాటసారి
మూలాన్వేషి గారూ, మీరు చూసిన పోలిక నిజమైనదే. 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లీష్ పండితుడు కలకత్తాలో ప్రసంగిస్తూ సరిగ్గా దీని గురించే మాట్లాడాడు. అయితే సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక ఉమ్మడి మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండొచ్చని అన్నాడు. అంటే ఇవి తల్లీ పిల్లలు కావు, అక్కచెల్లెళ్ళు.

అక్కచెల్లెళ్ళని ఎలా గుర్తుపట్టాలి? ఒక మాటలో పోలిక ఉంటే చాలదు, తేడాలో కూడా క్రమం ఉండాలి. పితృ, ఫాదర్ చూడండి, ప ఉన్న చోట ఫ. పాదం, ఫుట్. మళ్ళీ ప ఉన్న చోట ఫ. ఇప్పుడు ద చూడండి. దశ, టెన్. ద్వి, టు. దంతం, టూత్. ప్రతిచోటా ద ఉన్న దగ్గర ట. దీన్ని 1822లో యాకబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు సూత్రంగా రాశాడు. మీరు చెప్పిన డెంటల్‌లో డ అలాగే ఉంది కదా? ఎందుకంటే అది ఇంగ్లీష్ సొంత మాట కాదు, లాటిన్ నుంచి తర్వాత తెచ్చుకున్నది. సొంత మాట టూత్‌లో మారింది, అరువు మాటలో మారలేదు. ఒకే నోట్లో రెండూ ఉన్నాయి!

పోలిక ఒక్కటే చూస్తే మోసపోతాం. పారశీకంలో బద్ అంటే చెడు, ఇంగ్లీష్‌లో బ్యాడ్ అంటే చెడు. రెండిటికీ ఏ సంబంధమూ లేదు. ఇప్పటి గ్రీకులో నీళ్ళని నెరో అంటారు. మన నీరు గుర్తొస్తుంది. కానీ అది తాజా నీరు అనే పాత గ్రీకు మాటల్లో తాజా అనే ముక్క మిగిలి, నీరు అనే ముక్క రాలిపోయి వచ్చింది. కాకతాళీయం.

మూలాన్వేషి
క్రమం గురించి మీరు చెప్పింది బాగుంది, ఆలోచించాల్సిన విషయమే. కానీ ఇక్కడి నుంచి వెళ్ళిన మాటలే లేవంటారా?

భాషా_బాటసారి
ఎందుకు లేవు? బోలెడు. అక్కచెల్లెలి మాట వేరు, ప్రయాణం చేసిన మాట వేరు. ప్రయాణం చేసిన మాటకి మజిలీలు కనిపిస్తాయి. శర్కర పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్, పాత ఫ్రెంచ్‌లో సుక్ర్, ఇంగ్లీష్‌లో షుగర్. ప్రతి మజిలీలోనూ సాక్ష్యం ఉంది. శూన్యం అనే భావాన్ని అరబ్బులు తమ భాషలో సిఫ్ర్ అని అనువదించుకున్నారు, ఖాళీ అని అర్థం. ఆ ఒక్క మాట యూరప్‌లో రెండు దారుల్లో వెళ్ళి ఒక దారిలో జీరో, ఇంకో దారిలో సైఫర్ అయింది.

తెలుగు నుంచి నేరుగా వెళ్ళినదీ ఉంది. బాండికూట్. మన పందికొక్కే! తర్వాత ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో మోసుకునే ఒక చిన్న జంతువుకి ఈ పేరు పెట్టేశారు. దానికీ పందికొక్కుకీ చుట్టరికం లేదు, పేరు మాత్రం మనదే.

లెక్కల_పిచ్చి
మజిలీలంటే నా సబ్జెక్టులో ఉన్నది చెప్పకుండా ఉండలేను. త్రికోణమితిలో సైన్.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి వృత్తంలో జ్యా గుర్తుండే ఉంటుంది. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక ముక్క, దాని రెండు కొసలు కలిపే గీత, అచ్చం నారి కట్టిన విల్లులా ఉంటుంది కదా. ఆర్యభటుడు ఆ నారిలో సగం తీసుకుని లెక్కించాడు, అర్ధజ్య. ఇప్పుడు మనం సైన్ అనేది అదే. జ్యాకి ఇంకో పేరు జీవా. అరబ్బు గణితజ్ఞులు ఆ జీవాని తమ లిపిలో జిబ అని దించుకున్నారు. వాళ్ళ భాషలో దానికి అర్థం లేదు, విన్నది విన్నట్టు రాసుకున్నారు. పైగా అరబ్బీలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి కాగితం మీద ఉన్నది జ, బ మాత్రమే.

ఆ రెండు అక్షరాలే ఉన్న ఇంకో మాట అరబ్బీలో ముందే ఉంది, జైబ్. బట్టలో మడత, గుండె దగ్గరి ఒంపు. తర్వాత చదివినవాళ్ళు జిబని జైబ్ అని చదివారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్ళు మడత, ఒంపు అనే అర్థానికి సైనస్ అని రాశారు. అలా వింటినారి కాస్తా బట్ట మడత అయింది. ముక్కు పక్కన ఉండే సైనస్ కూడా ఆ మాటే! నేను క్లాసులో ఇది చెప్పిన రోజు ఒక్కరు కూడా గడియారం చూడలేదు.

కోడు_రాసేవాణ్ణి
మా వైపు నుంచి ఒకటి. కంప్యూటర్ ప్రోగ్రాంలో తప్పుని బగ్ అంటాం. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో ఒక చిమ్మెట ఇరుక్కుంటే తీసి రికార్డు పుస్తకంలో అంటించారు, అందుకే బగ్ అనే మాట వచ్చిందని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ పేజీ ఫోటో కూడా చూశాను. ఇది నిజమే కదా అండి?

పాత_నిఘంటువు
చిమ్మెట నిజం, పేజీ నిజం, తేదీ నిజం. పుట్టుక మాత్రం కాదు.

ఆ ఫోటో మళ్ళీ తీసి చిమ్మెట కింద రాసిన వాక్యం చదవండి. నిజంగానే బగ్ దొరికిన మొదటి సందర్భం ఇదే అని ఉంటుంది. "నిజంగానే" అని ఎందుకు రాస్తారు? అప్పటికే యంత్రంలో తప్పుని బగ్ అనే అలవాటు ఉంది కాబట్టి. ఈసారి నిజం పురుగే దొరికిందని వాళ్ళ సంబరం. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో తన యంత్రాల్లో వచ్చే చిన్న చిన్న లోపాలని బగ్స్ అని రాశాడు.

ఎప్పుడూ తేదీ అడగండి. కథలో చెప్పిన సంవత్సరం కంటే ముందే ఆ మాట ఎక్కడైనా రాతలో ఉంటే ఆ కథ పోయినట్టే.

ఓకే విషయంలో తేదీయే మనల్ని కాపాడింది. దానికి డజను కథలున్నాయి. 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తిరగేసి, 1839 మార్చి 23న ఒక బోస్టన్ పత్రికలో దాన్ని పట్టుకున్నాడు. ఆల్ కరెక్ట్ లాంటి మాటని కావాలని తప్పు స్పెల్లింగ్‌తో ఓల్ కొరెక్ట్ అని, ఓ, కే అక్షరాలతో మొదలయ్యేలా రాసి, పొట్టి చేసి నవ్వుకోవడం అప్పట్లో అక్కడి పత్రికల్లో ఒక ఫ్యాషన్. ఆ ఫ్యాషన్‌లో పుట్టిన మిగతా మాటలన్నీ పోయాయి. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ మద్దతుదారులు ఆయన ముద్దుపేరు ఓల్డ్ కిండర్‌హుక్‌కి కూడా అవే అక్షరాలు సరిపోతాయని ఊరంతా చాటారు. అందుకే ఇదొక్కటి బతికింది.

ముక్కుసూటి
పుట్టుక సరే. నాకు ఇంకో సంగతి తేల్చండి. మాటకి మొదట్లో ఉన్న అర్థమే అసలు అర్థం కదా? డెసిమేట్ అంటే పదిమందిలో ఒకరిని చంపడం, రోమన్ సైన్యంలో శిక్ష అది. ఇప్పుడు అందరూ సర్వనాశనం చేయడం అనే అర్థంలో వాడుతున్నారు. ఆఫీసులో ఒక రిపోర్టులో నేను దాన్ని దిద్దితే, నాదే తప్పన్నారు. చాలా బాధేసింది. తప్పుని తప్పు అనకూడదా?

వాన_చినుకు
బాధపడకండి. కానీ ఆ లెక్కన చూస్తే నైస్ మాటేంటి? దాని లాటిన్ మూలం నెస్కియస్, ఏమీ తెలియనివాడు. ఇంగ్లీష్‌లోకి వచ్చిన కొత్తలో నైస్ అంటే తెలివితక్కువ. తర్వాత మొహమాటం, తర్వాత చాదస్తం, తర్వాత సూక్ష్మం, 18వ శతాబ్దానికి వచ్చేసరికి బాగుంది. సిల్లీ దీనికి ఎదురు దారిలో నడిచింది. మొదట్లో అంటే దైవానుగ్రహం ఉన్న మనిషి, ధన్యజీవి. ఆ తర్వాత అమాయకుడు, పాపం అనిపించేవాడు, చివరికి తెలివిలేనివాడు. మన ఛాందసుడికి పట్టిన గతే. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. ఇప్పుడు ఎవరినైనా అనండి చూద్దాం!

పాత_నిఘంటువు
ముక్కుసూటి గారూ, మీ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఒక్క మాట. నూనె.

ఇంగ్లీష్‌లో ఆయిల్ లాటిన్ ఓలియం నుంచి వచ్చింది, ఓలియం గ్రీకు నుంచి. గ్రీకులో ఆ మాటకి మూలం ఆలివ్ చెట్టు పేరు. అంటే ఆయిల్ అంటే ఆలివ్ నూనె, ఇంకేదీ కాదు. అక్కడివాళ్ళకి అదొక్కటే నూనె కాబట్టి మాట సరిపోయింది. తర్వాత వేరే నూనెలు వచ్చాయి, వాటికీ అదే పేరు. రాయి అనే అర్థం ఉన్న పెట్రా కలిపి రాతినూనెకి పెట్రోలియం అన్నారు. ఇవాళ కారు ఇంజిన్‌లో పోసే ఆయిల్ అని పలికినప్పుడల్లా మనం ఆలివ్ చెట్టు పేరు తలుచుకుంటున్నట్టే.

ఇప్పుడు నూనె విడదీయండి. నువ్వు, నెయ్యి. నువ్వుల నుంచి తీసిన నెయ్యి నూనె. సంస్కృతంలో తిలలు అంటే నువ్వులు, వాటి నుంచి వచ్చింది తైలం. మూడు భాషలు, మూడు చోట్ల, ఒకే గతి. మొదట దొరికిన ఒక్క నూనె పేరు లోకంలోని నూనెలన్నిటికీ పేరైంది. మన వ్యాకరణాల్లో దీన్ని అర్థవ్యాకోచం అంటారు.

మొదటి అర్థమే అసలు అర్థం అయితే కొబ్బరినూనె అనకూడదు, కిరసనాయిల్ అనకూడదు. అయినా అంటున్నాం, ఎదుటివాళ్ళకి అర్థమవుతోంది, మాట పని అది చేస్తోంది. డెసిమేట్‌కి పాత అర్థం తెలిసి ఉండడం గొప్ప సంగతి, దాన్ని వదులుకోకండి. కానీ దానితో ఇవాళ్టి వాక్యాన్ని కొట్టేయలేం.

ముక్కుసూటి
నూనె గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. రిపోర్టు రాసినతనికి ఈ రోజే ఫోన్ చేసి చెప్తాను.

అర్థం పెరగడం సరే, తగ్గడం కూడా ఉంటుందా?

పాత_నిఘంటువు
ఉంటుంది. డీర్ అంటే ఒకప్పుడు ఏ జంతువైనా. జర్మన్‌లో దాని తోబుట్టువు టీర్ ఇప్పటికీ జంతువే. ఇంగ్లీష్‌లో మాత్రం తగ్గి తగ్గి జింక దగ్గర ఆగింది. సంస్కృతంలో మృగం కూడా అడవి జంతువే, జింకా అదే. మనం మృగంలా ప్రవర్తించాడు అన్నప్పుడు క్రూరజంతువు, మృగనయని అన్నప్పుడు లేడి. రెండు అర్థాలనీ ఒకే భాషలో పక్కపక్కనే ఉంచుకున్నాం.

గర్ల్ కూడా అంతే. మొదట్లో పిల్ల అయినా పిల్లాడైనా గర్లే.

మూలాన్వేషి
ఇక్కడ నేను ఒకటి చెప్తాను, చూసి చెప్పండి. రైవల్. లాటిన్‌లో రివస్ అంటే వాగు. ఒకే వాగు నీళ్ళు వాడుకునేవాళ్ళు రివాలిస్. పంచుకునేవాళ్ళే చివరికి పోటీదారులయ్యారు. నిఘంటువులో చూసి తేదీలూ మజిలీలూ సరిచూసుకున్నాను.

చూడగానే నాకు దాయాది తట్టింది. దాయం అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి, దాన్ని తీసుకునేవాడు దాయాదుడు. అంటే వాటాదారు, మనవాడే. ఇప్పుడు పత్రికలో దాయాదుల పోరు అని రాస్తే శత్రువులనే అర్థం. సంస్కృతంలో భ్రాతృవ్యుడు కూడా అంతే, తండ్రి సోదరుడి కొడుకు అనే అర్థం నుంచి శత్రువు అనే అర్థానికి వచ్చింది. అక్కడ వాగు, ఇక్కడ ఆస్తి.

భాషా_బాటసారి
అద్భుతం మూలాన్వేషి గారూ. ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్ట్ ఇది. రెండు మాటలకీ రక్తసంబంధం లేదు, ఒకదాని నుంచి ఇంకొకటి అరువు తీసుకోలేదు. వాటి వెనక మనుషులు ఒకటే.

ఆకాశం వైపు చూసినా అదే. డిజాస్టర్‌లో ఆస్టర్ అంటే నక్షత్రం, చెడ్డ నక్షత్రం. ఇన్‌ఫ్లుయెంజా అంటే ఇటాలియన్‌లో ప్రభావం, ఆ జబ్బు నక్షత్రాల ప్రభావం వల్ల వస్తుందనుకునేవాళ్ళు. మనం గ్రహచారం బాగోలేదు అంటాం.

చిట్టి_చిలక
కొత్తగా చేరాను, ఒక డౌట్. ఏప్రన్ అనే మాట నాప్కిన్‌కి చుట్టమని ఎక్కడో చదివాను. ఒకటి అ తో మొదలైతే ఇంకొకటి న తో మొదలవుతుంది, చుట్టరికం ఎలా?

వాన_చినుకు
రండి రండి. ఇది నోటితో పలికి చూస్తేనే తెలుస్తుంది. ఆ మాట మొదట్లో నాప్రన్. ముందు ఒకటి అని చెప్పే అ చేర్చి "అ నాప్రన్" అని గబగబా నాలుగుసార్లు అనండి. ఇప్పుడు "అన్ ఆప్రన్" అనండి. చెవికి తేడా తెలిసిందా? తెలియదు. విన్నవాళ్ళు న ని ముందు మాటకి ఇచ్చేశారు. నాప్కిన్ మాత్రం తన న ని కాపాడుకుంది. పాముల్లో ఆడర్ కూడా ఒకప్పుడు నాడర్. ఆటలో అంపైర్ ఒకప్పుడు నంపైర్, ఇద్దరికీ సమానం కాని మూడో మనిషి అని అర్థం.

ఎదురు దొంగతనం కూడా జరిగింది. ఈక్ అంటే అదనంగా. అన్ ఈక్‌నేమ్, అదనపు పేరు. ఇక్కడ న జారి తర్వాతి మాటలో పడింది, నిక్‌నేమ్ అయింది.

ఆరెంజ్ కూడా ఈ జాబితాలోదే అని చెప్తుంటారు. కాదు. నారంగం యూరప్‌కి వెళ్ళాక ఇంగ్లీష్ గడప తొక్కకముందే, ఇటాలియన్, ఫ్రెంచ్ నోళ్ళలోనే న పోగొట్టుకుంది. స్పానిష్ వాళ్ళ నరంహ లోనూ మన నారింజలోనూ న భద్రంగా ఉంది.

చిట్టి_చిలక
నాలుగుసార్లు అనేసరికి మా తమ్ముడు వచ్చి ఏమైందని అడిగాడు. వాడికీ నేర్పించాను. ఒక చిన్న ప్రశ్న. ఇంట్లో కూర్చుని కథ నిజమో కాదో చూసుకోవాలంటే ఏ నిఘంటువు నమ్మాలి?

పాత_నిఘంటువు
ప్రతి అర్థానికీ మొదటి రాత తేదీ ఇచ్చే నిఘంటువు నమ్మండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఆలోచన 1857లో మొదలై, మొదటి భాగం 1884లో వచ్చి, మొత్తం 1928లో పూర్తయింది. వేలమంది మామూలు పాఠకులు పుస్తకాలు చదివి, మాట కనిపించిన వాక్యాన్ని చీటీ మీద రాసి పంపితే తయారైంది. అందుకే అందులో తేదీలకి బరువు ఉంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. మంచి నిఘంటువు మూలం తెలియదు అని రాయడానికి వెనకాడదు. డాగ్ తీసుకోండి. పాత ఇంగ్లీష్‌లో కుక్కకి మామూలు మాట హండ్, ఇప్పటి హౌండ్. డాగ్ ఎక్కడో అరుదుగా కనిపించి, తర్వాత మొత్తం ఆక్రమించేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. డాగ్‌కి గబుక్కున ఒక కథ చెప్పేసే పుస్తకం కనిపిస్తే మూసేయండి.

పలక_బలపం
సోమవారం అయిపోయింది, వచ్చి చెప్పకుండా ఉండలేకపోయాను.

బోర్డు మీద మళ్ళీ న్యూస్ అనే రాశాను. పోయిన వారం నేను చెప్పింది తప్పని చెప్పి, సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చాను. న్యూ రాసి, పక్కన ఎస్ రాసి, "కొత్త సంగతులు" అని తెలుగులో రాసి వెళ్ళి కూర్చుంది. తర్వాత ఆయిల్ రాసి నూనె చెప్పాను. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. ఒక అబ్బాయి లేచి, "టీచర్, గ్లాసు అంటే అద్దం కదా, మరి స్టీలు గ్లాసు అంటామేంటి?" అన్నాడు. నేను నేర్పలేదు, వాడే పట్టుకున్నాడు!

ఇంకొకడు పెన్, పెన్సిల్ అన్నదమ్ములా అని అడిగాడు. ఈసారి కూడా చూసి చెప్తానన్నాను. చెప్పండి, అన్నదమ్ములేనా?

పాత_నిఘంటువు
ఆ గ్లాసు అబ్బాయికి చెంబు చెప్పండి మేడమ్. చెంబు అంటే మొదట్లో రాగి. ఇప్పుడు స్టీలు చెంబు అంటున్నాం. రెండూ లోహం పేరో పదార్థం పేరో అయి ఉండి పాత్రలైపోయినవే.

పెన్, పెన్సిల్ అన్నదమ్ములు కావు. పెన్ లాటిన్‌లో పెన్నా, పక్షి ఈక. పెన్సిల్ లాటిన్‌లో పెనిసిల్లస్, బొమ్మలు వేసే చిన్న కుంచె, ఇంకా వెనక్కి వెళ్తే చిన్న తోక. పెన్సిల్‌కి అసలు తోబుట్టువు మందుల పెట్టెలో ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కుంచెలా కనిపించే బూజుకి పెనిసిలియం అని పేరు పెట్టారు. అందులోంచి తీసినదే పెనిసిలిన్.

పలక_బలపం
పెన్సిల్, పెనిసిలిన్! వచ్చే సోమవారం రెండూ పక్కపక్కన రాసి, ఏమీ చెప్పకుండా వెనక్కి జరిగి నిలబడతాను. ఎవరు ముందు చెయ్యెత్తారో ఇక్కడ రాస్తాను.